లిథియం లావు, ఫ్లోరిన్ సన్నం

ఆ ఉదయం కెమిస్ట్రీ టీచరు వేసుకున్న పథకం చాలా మామూలుది. పెందలాడే స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, గుడ్డ పటాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, అందరికంటే ముందు స్కూలుకి చేరి, దాన్ని లాబ్ గోడకి తగిలించి, ఓ గ్లాసు మంచినీళ్లు తాగి, ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూడటం. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడా చోటు లేదని ఆమె పడుకున్నప్పటి నుంచీ లెక్క చూసుకుంటూనే ఉంది. అలా చూసుకోవడం వల్ల నిద్రకి మాత్రం చోటు దొరకలేదు.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. సెలవులివ్వగానే పోయి, బడి తెరిచాక దయ ఉంటే తిరిగొచ్చే ఉద్యోగం. ఈసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక పాఠం వింటుంది. బాగుందంటే పర్మనెంటు, బాగాలేదంటే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అందుకని ఆమె బాగా ఆలోచించి, తనకి అన్నిటికంటే ఇష్టమైన పాఠాన్ని ఎంచుకుంది. ఆవర్తన పట్టికలో పరమాణువుల సైజు ఎలా మారుతుందన్న పాఠం అది. పట్టికలో ఒక వరస పట్టుకుని ఎడమ నుంచి కుడికి పోతే పరమాణువులో సరుకు పెరుగుతూ పోతుంది, సైజు మాత్రం తగ్గుతూ పోతుంది. మూడో నంబరు లిథియం లావు, తొమ్మిదో నంబరు ఫ్లోరిన్ సన్నం. వినగానే ఎవరికైనా తిరకాసుగా తోస్తుంది. ఆ తిరకాసే పాఠానికి ప్రాణం. పిల్లలు పటం చూడగానే 'ఇదేంటి మేడమ్, తలకిందులుగా ఉంది' అనాలి. అన్నాక ఎందుకో ఆమె చెప్పాలి.

పటం తయారీలో ఇంటిల్లిపాదికీ చెయ్యి ఉంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే అత్తగారు, కోడలు ఇచ్చిన కొలతల ప్రకారం దూది కూరి పద్నాలుగు గుడ్డ బంతులు కుట్టింది. వరసకి ఏడు చొప్పున రెండు వరసలు. ప్రతి వరస చివరా ఉండే జడవాయువుల సైజు కొలిచే పద్ధతి వేరు కాబట్టి, వాటిని కూడా కలిపేస్తే పిల్లలకి అబద్ధం చెప్పినట్టవుతుందని కోడలు వాటిని వదిలేసింది. ఆ మనిషి అలాంటిది. కళ్లద్దాల షాపులో పనిచేసే భర్త తన ముత్యాల్లాంటి అక్షరాలతో మూలకాల పేర్లు, నంబర్లు రాసి పాత కర్టెన్ మీద అతికించాడు. ప్రతి పేరు కిందా ఒక హుక్కు కుట్టి ఉంది. ఏ హుక్కుకి ఏ బంతి తగిలించాలో భార్య చెబుతుంటే అతను తగిలించాడు.

"మూడో నంబరుకి ఇంత పెద్దదా? సరిగ్గా చూసి చెప్పు," అన్నాడు.

"అదంతేనండీ."

"తొమ్మిదికి నిమ్మకాయంతదా?"

"అదంతే అన్నానా? ఎందుకో రేపు తీరిగ్గా చెప్తాను. ముందు తగిలించండి."

ఆ 'ఎందుకో' అప్పుడే చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

తెల్లవారాక కోడలు స్నానానికి వెళ్లింది. పటం హాల్లో కుర్చీల మీద పరిచి ఉంది. అత్తగారు కాఫీ గ్లాసుతో అటుగా వచ్చి, తన చేతిపని చూసుకుని మురిసిపోదామని ఆగింది. మురిపెం ఎంతోసేపు నిలవలేదు. మూడో నంబరు కింద కమలాపండంత బంతి. తర్వాత ఒకదాన్ని మించి ఒకటి చిక్కిపోతూ, తొమ్మిదో నంబరు కింద నిమ్మకాయంత బంతి. నంబర్లు అటు పోతుంటే బంతులు ఇటు పోతున్నాయి.

'వీడు మారడు,' అనుకుంది. కొడుకు చిన్నప్పుడు చొక్కాకి ఒక బొత్తాం వదిలేసి మిగతావన్నీ ఎంతో శ్రద్ధగా పెట్టుకొచ్చేవాడు. ఇప్పుడు పెళ్లాం ఉద్యోగం మీదికి తెచ్చాడు. అమ్మాయి చూసిందంటే అసలే కంగారులో ఉంది, పొద్దున్నే ఇల్లు దద్దరిల్లిపోతుంది. ఎవరి నోటా మాట రాకుండా చక్కబెట్టేస్తే పోలా? ఆవిడ పై వరసలో ఈ చివరి బంతిని ఆ చివరికి, ఆ చివరిదాన్ని ఈ చివరికి మార్చుకుంటూ వచ్చింది. సరిగ్గా మధ్యలో ఉన్న కార్బన్ ఒక్కటే ఎవరి దయకీ నోచుకోక ఉన్నచోటే ఉండిపోయింది. కింది వరస మీద చెయ్యి వేయబోతుండగా, గౌను పొడుగైపోయిందంటూ ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆ గౌనావిడ వచ్చిందంటే తొందరగా వదిలే మనిషి కాదు.

తర్వాత భర్త వచ్చాడు. పటం మడవడం అతని వంతు. చూశాడు, ఆగాడు. పై వరస చిన్న నుంచి పెద్దకి ఉంది, కింది వరస పెద్ద నుంచి చిన్నకి ఉంది. నిన్న తను రెండూ ఒకేలా తగిలించాడు. అది మాత్రం బాగా గుర్తుంది.

'అదీ సంగతి,' అనుకున్నాడు. రాత్రి అడిగితే అదంతే అంది. తెల్లారేసరికి తప్పు తెలిసొచ్చినట్టుంది, పై వరస మార్చుకుంది. మొగుడు చెప్పిందే కరెక్టని ఒప్పుకోవడానికి మొహమాటపడి, కింది వరస పూర్తిచేయకుండానే స్నానానికి పోయింది. పాపం. అతనికి భార్య మీద జాలి కలిగింది, తన మీద కొంచెం గౌరవం కలిగింది. గెలిచినవాడు హుందాగా ఉండాలి కదా అని, మారుమాట్లాడకుండా కింది వరస కూడా తిప్పేసి, పటాన్ని దుప్పటిలా మడిచి అట్టపెట్టెలో పెట్టి, పైన దారం కూడా కట్టాడు.

"పెట్టేశారా?" కోడలు జుట్టు ముడేసుకుంటూ వచ్చింది.

"అంతా పెర్ఫెక్టు. నువ్వేం ఆలోచించకు. నేనేం అనను," అన్నాడు భర్త.

నేనేం అనను అని ఎందుకన్నాడో ఆలోచించే తీరిక ఆమెకి లేదు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

గౌనావిడ కూడా వెళ్లాక తల్లీకొడుకులు టిఫిన్‌కి కూర్చున్నారు.

"ఇకమీదన్నా కాస్త చూసి చెయ్యరా నాన్నా," అంది తల్లి. "అమ్మాయి చూసుంటే నిన్ను ఉతికి ఆరేసేది."

"ఏం చేశానమ్మా?"

"బంతులు తిరగేసి తగిలించావు. ఊరందరికీ చూపు సరిచేస్తావు, నీ చూపుకేం రోగం?"

అతని చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పై వరస మార్చింది నువ్వా?"

"నేనే. కింది వరస మార్చేలోపు ఆ గౌనావిడ వచ్చి పడింది."

"కింది వరస నేను మార్చానమ్మా!"

"మార్చావా? బంగారు తండ్రివి."

"బంగారమూ లేదు, ఇత్తడీ లేదు. పెద్దది ముందు పెట్టమని తనే చెప్పింది. నేను రెండుసార్లు అడిగా. రెండుసార్లూ అదంతే అంది!"

తల్లి కళ్లు పెద్దవయ్యాయి. "అంటే... తప్పుగా ఉన్నదే సరైనదా?"

"అంతే."

"మరి ఆ ముక్క నాతో చెప్పకపోయావా?"

"నువ్వు ముట్టుకుంటావని నాకేం తెలుసు?"

భర్త ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బడిలో ఉన్నంతసేపూ ఫోన్‌ను స్టాఫ్‌రూము బీరువాలో పెట్టి తాళం వేయడం ఆమెకి అలవాటు. తల్లి అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"స్కూటర్ తియ్యి."

"షాపు తెరవాలమ్మా."

"ఆ అమ్మాయి ఉద్యోగం పోతే నువ్వు షాపు తెరిచినా ఇంటికి రానివ్వదు. తియ్యి!"

స్కూలు లాబ్‌లో కోడలు దారం విప్పి పటం తెరిచింది. లిథియం ఉసూరుమంటూ నిమ్మకాయలా వేలాడుతోంది. ఫ్లోరిన్ బాగా మేసిన దూడలా ఉంది. ఇదెలా జరిగింది? తను అనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఇంకొకటా? లేక ఇన్నాళ్లూ పిల్లలకి తనే తప్పు చెబుతోందా? పిచ్చి అనుమానమని తెలిసినా పుస్తకం తీసి పేజీ తిప్పింది. పుస్తకం ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. బంతులన్నీ విప్పి సరిగ్గా తగిలించింది. పటాన్ని గోడకి వేలాడదీసి, పైన ఒక దుప్పటి కప్పి, దాని అంచు చేతికందేలా ఉంచింది. అంతలో ఇన్‌స్పెక్టరు చెప్పిన వేళకంటే ముందే గేటు దగ్గర దిగిందని కబురొచ్చింది. ఆమె మంచినీళ్లు తాగకుండానే పరిగెత్తింది.

ఆమె అటు వెళ్లగానే ఇటు హెడ్మిస్ట్రెస్ లాబ్‌లోకి వచ్చింది. బల్లల మీద దుమ్ముందేమో వేలితో రాసి చూసింది. లేదు. కుర్చీలు లెక్కపెట్టింది. సరిపోయాయి. దుప్పటి కొంచెం ఎత్తి లోపలికి చూసింది.

హెడ్మిస్ట్రెస్ ఒకప్పుడు చరిత్ర చెప్పేది. రాజులూ యుద్ధాలూ ఏవి ముందో ఏవి వెనకో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. నంబర్లు పెరుగుతూ బంతులు తగ్గుతూ ఉన్న ఆ పటాన్ని చూసి ఆవిడ మనసు కరిగిపోయింది. 'పిచ్చిపిల్ల. కంగారులో అటూ ఇటూ చేసుకుంది. ఇప్పుడు చెబితే బొత్తిగా బిగుసుకుపోతుంది.' తలుపు దగ్గరగా వేసి, స్టూలు ఎక్కి, ఆ వయసులో, ఆ మోకాళ్లతో, రెండు వరసలూ తన చేతులతో మార్చి దుప్పటి కప్పేసింది.

వరండాలో కోడలు ఎదురైతే భుజం తట్టింది. "ఏం భయపడకు. నేను అంతా సర్దేశాను."

కుర్చీల సంగతి కాబోలనుకుని కోడలు, "థాంక్స్ మేడమ్," అంది. చాలా మనస్ఫూర్తిగా అంది.

ఇన్‌స్పెక్టరు ఎత్తుగా, పలచగా ఉన్న మనిషి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి, వాటి పైనుంచి చూస్తుంది. ఒకప్పుడు లెక్కల టీచరట. వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్ పక్కన కూర్చుని, కాగితాలు ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసింది. "మొదలుపెట్టండి."

కోడలు పాఠం మొదలుపెట్టింది. ఇంట్లో అద్దం ముందు చెప్పుకున్నట్టే వస్తోంది మాట. పరమాణువు మధ్యలో ప్రోటాన్లు, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు. వరసలో ఒక అడుగు కుడికి వేస్తే ప్రోటాన్ ఒకటి, ఎలక్ట్రాన్ ఒకటి పెరుగుతాయి. ఇక పటం తెరవాలి అనుకుంటుండగా కిటికీలో భర్త ముఖం కనిపించింది. పక్కనే అత్తగారి ముఖం. ఇద్దరికీ చెమటలు. భర్త రెండు చేతులూ ఎడాపెడా తిప్పుతున్నాడు. అత్తగారు ఒక పిడికిలి పెద్దగా, ఒక పిడికిలి చిన్నగా చూపించి, వాటిని అటుదిటూ ఇటుదటూ వేస్తోంది.

ఇల్లు గానీ అంటుకుందా అనుకుంది కోడలు. అంటుకుంటే వీళ్లు అక్కడ ఉండాలి గానీ ఇక్కడెందుకుంటారు? కంటితోనే 'వెళ్లండి' అంది. వాళ్లు వెళ్లలేదు. ఇంకా గట్టిగా తిప్పారు. ఇన్‌స్పెక్టరు తల కిటికీ వైపు తిరగబోతోంది. కోడలు గబుక్కున పిల్లల వైపు తిరిగి, పటం వైపు చూడకుండానే దుప్పటి లాగేసింది.

"ఇందులో మీకు వింతగా ఏం కనిపిస్తోంది?"

పిల్లలు మెడలు సాచి చూశారు.

"బాగా చూడండి. ఏదో తిరకాసు ఉంది."

"ఏం లేదు మేడమ్," అంది ముందు బెంచీ అమ్మాయి.

"నంబర్లు చూడండి, బంతులు చూడండి."

"నంబరు పెరిగితే బంతి పెరిగింది మేడమ్. మామూలే కదా?"

కోడలు వెనక్కి తిరిగింది.

ఇంతకుముందే తన చేతులతో మార్చిన పటం మళ్లీ అలాగే ఉంది. వరండాలో విన్న 'సర్దేశాను' అన్న మాట చెవిలో గింగురుమంది. హెడ్మిస్ట్రెస్ వైపు చూసింది. ఆవిడ కన్నతల్లిలా నవ్వుతోంది.

"చాలా స్పష్టంగా ఉంది," ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది. "వెనక బెంచీకి కూడా అర్థమయ్యేలా ఉంది. పటం అంటే ఇలా ఉండాలి. నాకింక వేరే చూడాల్సిందేం లేదు." పెన్ను కాగితం మీదికి దిగుతోంది.

కోడలికి అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు. ఆ పెన్ను రెండు గీతలు గీస్తే ఏటా వచ్చే సెలవుల భయం పోతుంది. నిజం ఏమిటో రేపు, తలుపు వేసుకుని, పిల్లలకి మెల్లగా చెప్పుకోవచ్చు. ముందు బెంచీ అమ్మాయి అప్పటికే నోట్సులో వరసగా బొమ్మ గీసుకుంటోంది. చిన్న సున్నా, పెద్ద సున్నా, ఇంకా పెద్ద సున్నా.

"అది గీయకమ్మా," అంది కోడలు. ఆ గొంతు తనదేనా అనిపించింది. "మేడమ్, సంతకం పెట్టకండి. పటం తప్పు."

పెన్ను ఆగింది. "ఏంటి తప్పు?"

"మొత్తం తప్పండీ. తలకిందులుగా ఉంది."

"నాకు సరిగ్గానే కనిపిస్తోందే. సరుకు ఎక్కువైతే సంచి ఉబ్బుతుంది గానీ ముడుచుకుంటుందా?"

"ఇది సంచి కాదండీ, పరమాణువు."

హెడ్మిస్ట్రెస్ నవ్వు ముఖం మీద ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాల పైనుంచి చూపు సారించింది. "అయితే తప్పు పటం ఎందుకు తగిలించారు?"

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని అత్తగారు లోపలికి వచ్చింది. "ఆ అమ్మాయిని ఏమీ అనకండమ్మా! పై వరస మార్చింది నేను."

"కింది వరస నేనండీ," భర్త వెనక నుంచి చెయ్యెత్తాడు.

"మీరిద్దరూ మార్చింది నేను వచ్చాక సరిచేశాను!" అంది కోడలు.

"అదా?" హెడ్మిస్ట్రెస్ సన్నగా దగ్గింది. "దాన్ని... నేను సరిచేశాను."

ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. "ఈ పటం మీద చెయ్యి వేయనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

పిల్లలంతా చేతులెత్తారు.

"సరే. సరుకు పెరిగితే సైజు ఎలా తగ్గుతుందో చూపించండి," అంది ఇన్‌స్పెక్టరు. "పుస్తకంలో ఉందంటే కుదరదు. నా కళ్లకి కనిపించాలి. ఇప్పుడే."

కోడలు చుట్టూ చూసింది. మూల బీరువా పక్కన ఆటల పీరియడ్ వాళ్లు వదిలేసిన స్కిప్పింగ్ తాళ్లు వేలాడుతున్నాయి.

బల్లలు గోడకి జరిపించింది. మధ్యలో ఒక సన్నటి అమ్మాయిని నిలబెట్టింది. "ఈ అమ్మాయి ప్రోటాన్. లిథియంకి నిజానికి మూడుంటాయి. కానీ లోపలి వలయంలోని రెండు ఎలక్ట్రాన్లు దాదాపు రెండింటి బలాన్ని అడ్డుకుంటాయి. అందుకని ఒక్కదాంతో మొదలుపెడదాం. బయట ఎలక్ట్రాన్‌గా ఎవరొస్తారు?"

"నేనే వస్తాను," అంది ఇన్‌స్పెక్టరు. "అప్పుడు మోసం ఉండదు." తాడు కొస పట్టుకుని గోడ దగ్గర కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. మధ్యలోని అమ్మాయి రెండో కొస పట్టుకుని లాగింది. ఇన్‌స్పెక్టరు కదల్లేదు.

"ఒక అడుగు కుడికి. బెరీలియం. లోపల ఒకరు, బయట ఒకరు. అత్తయ్యా, మీరు లోపలికి రండి."

"నన్నెందుకే?"

"రండి అత్తయ్యా! కిటికీ పక్క అమ్మాయీ, బయట నువ్వు ఈ రెండో తాడు పట్టుకో. లోపలివాళ్లు ఇద్దరూ రెండు తాళ్లూ కలిపి పట్టుకోండి. లాగండి!"

రోజూ మిషను తిప్పే చెయ్యి అది. ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"బోరాన్. ఏమండీ, లోపలికి. బయట ఇంకో అమ్మాయి. బయట చేరినవాళ్లు ఎవరి తాడు వాళ్లే పట్టుకున్నారు, చూశారా? లోపల చేరినవాళ్లు అందరి తాళ్లనీ లాగుతున్నారు. లాగండి!"

ఇంకో రెండడుగులు. ఇన్‌స్పెక్టరు మడమలు నేల మీద కీచుమన్నాయి.

"కార్బన్. హెడ్మిస్ట్రెస్ గారూ!"

"నేనా?"

"నాలుగోవారు మీరే. రండి మేడమ్. బయట ఇంకో అమ్మాయి."

హెడ్మిస్ట్రెస్ ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నంత పట్టుదలగా వచ్చి తాళ్లు అందుకుంది. నలుగురూ ఒక్కసారి లాగారు. ఇన్‌స్పెక్టరు గాల్లో తేలినట్టు వచ్చి అత్తగారి భుజం మీద వాలింది. కళ్లద్దాలు ఎగిరి కిందపడ్డాయి. భర్త చప్పున అందుకుని, కాడ నొక్కి చూసి, "స్క్రూ లూజుగా ఉందండీ, అందుకే జారుతున్నాయి," అన్నాడు. ఆ మాట ఇప్పుడు అవసరమా అన్నట్టు భార్య చూసింది.

"ఇంకా నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ ఉన్నాయండీ," అంది కోడలు.

"వద్దు." ఇన్‌స్పెక్టరు ఆయాసపడుతోంది. "కార్బన్ దగ్గరే నమ్మకం కుదిరింది."

"మరి కింది వరస బంతులు లావుగా ఉన్నాయేంటి మేడమ్?" ముందు బెంచీ అమ్మాయి లేచింది. అప్పటికే పాత బొమ్మ కొట్టేసింది.

"కింది వరసకి వస్తే బయట ఇంకో వలయం మొదలవుతుంది. వాళ్లు ఇంకా దూరంగా నిలబడతారు. మధ్యలో ఉన్నవాళ్లు అడ్డం కాబట్టి లాగుడు అంత దూరం గట్టిగా అందదు."

పిల్లలు పటం మీద పడ్డారు. పద్నాలుగు బంతులూ విప్పి, వాదించుకుని, వాటి వాటి హుక్కులకి తగిలించారు. పెద్దవాళ్లెవరూ దగ్గరికి పోలేదు. ధైర్యం చాలలేదు.

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తుడుచుకుని, వెనక బెంచీలో కూర్చుని, కోడల్ని దగ్గరికి పిలిచింది. "మీరు నోరు మెదపకుండా ఉంటే ఎప్పుడో సంతకం పెట్టేసేదాన్ని. ఆ సంగతి మీకు తెలిసే మాట్లాడారా?"

"తెలుసండీ."

"మరి?"

"మీరు సాయంత్రానికి వెళ్లిపోతారండీ. వీళ్లతో రేపు మళ్లీ ఉండాల్సింది నేను."

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితం మీద ఊది, ఆమె చేతికి ఇచ్చింది. "రేపటికి పర్మనెంటు ఆర్డరు వస్తుంది. నా మోకాళ్లు బాగవడానికి మాత్రం టైము పడుతుంది."

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఇక మీదట ఎవరు పెట్టినదాన్నైనా, ఎంత తప్పుగా కనిపించినా సరే, అడక్కుండా ఎవరూ ముట్టుకోకూడదు. అత్తగారు ఒట్టు వేసింది. భర్త రెండుసార్లు వేశాడు. అంతలో వంటింట్లోంచి ఏదో వాసన వచ్చింది.

"పొయ్యి మీద కూర పెట్టింది నువ్వేనా అమ్మాయ్? దించమంటావా?" అంది అత్తగారు.

"పెట్టింది నేనే గానీ, అత్తయ్యా, మంట పెంచింది ఆయన. ఆయన్ని అడగండి."

"నేను పెంచింది నిజమే గానీ, మూత పెట్టింది అమ్మ. అమ్మా, మూత తీయొచ్చా?"

"తియ్యి. కానీ గిన్నె అమ్మాయిది కదా, అమ్మాయి సరేనంటుందేమో అడుగు."

కూర మాడి బొగ్గయిపోయింది గానీ, ఎవరూ ఏ తప్పూ చేయలేదు.